గురుకుల విద్యార్థి దినచర్య



ప్రతి సంవత్సరము చలికాలము ముగియు వేళకు మా గోదావరిఖని, రామగుండము ప్రాంతపు పల్లెలలో ఒక చర్చ బయలుదేరును. గురుకుల పాఠశాలలలో అయిదవ తరగతి ప్రవేశము కొఱకు పరీక్ష వ్రాయు పిల్లలు ప్రతి వాడలోను నుందురు. పరీక్షలో నెగ్గిన పిదప అసలు ప్రశ్న ఇంటి పెద్దల ముందుకు వచ్చును. పదేండ్ల పసివానిని ఇల్లు విడిచి పంపుట మేలా, కీడా? నేను చిరకాలము బడిపంతులుగా నుంటిని గావున, పల్లె పెద్దలు నన్నును పిలిచి యడుగుచుందురు. వారి మాటలలో నేను గమనించిన దొకటి కలదు. పంపుదమనువారును, వలదనువారును గూడ, తమ బిడ్డ అచట ఉదయము మొదలు రాత్రి వఱకు ఏమి చేయునో ఎఱుగకయే నిశ్చయము చేయుచున్నారు. కావున నేడు గురుకుల విద్యార్థి దినచర్యను వివరించి, అందు పాఠశాల చేయగలిగిన దేదో, మనము చేయవలసిన దేదో మనవి చేసెదను.

విద్యార్థి ఇల్లు విడిచి చదువుట మనకు క్రొత్త కాదు. బలరామకృష్ణులు సాందీపని యొద్ద చదివిరి. భారతమందు ధౌమ్యుని శిష్యుడైన ఉపమన్యువు గోవులను గాచుచు, ఆకలికి తాళజాలక జిల్లేడాకులు తిని కన్నులు పోగొట్టుకొనెను. ఆ కథను మనము గురుభక్తికి నిదర్శనముగా చెప్పుకొందుము. అందు గురుభక్తితో పాటు ఆకలి కూడ కలదన్న మాట మఱచిపోవుదుము. తరువాతి కాలమున బీద విద్యార్థులు వారములు చేసికొని చదివిరి. సోమవార మొక యింట, మంగళవార మొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లలో భోజనము. ఒక యింటివారు ఊరికి పోయినచో ఆ దినమున పస్తు. మా గురువుగారి గురువులు ఇట్లు చదివినవారే యని మేము విద్యార్థులుగా నుండగా వినియుంటిమి. ఆ విద్యకు పునాది దాతల దయ. అది దొరకినవాడు పండితుడయ్యెను, దొరకనివాడు పశువుల వెంట పోయెను.

నిజాము రాష్ట్రమున పల్లెటూరి పిల్లలు పట్నమునకు పోయి చదువవలెనన్న తల దాచుకొనుటకు చోటుండెడిది కాదు. ఆ కొఱత తీర్చుటకై హైదరాబాదులో 1918వ సంవత్సరమున రెడ్డి హాస్టలు స్థాపితమయ్యెను. రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు దానికి అండగా నిలిచిరి. గోలకొండ పత్రికను నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణము చూచిరి. అయితే హాస్టలు వేఱు, గురుకులము వేఱు. హాస్టలులో విద్యార్థి తిని నిద్రించును. చదువు మఱియొక బడిలో. గురుకులమున అన్నము, చదువు, ఆట, నిద్ర, అన్నియు ఒకే ప్రాకారములో నుండును.

ఈ రెండవ పద్ధతిని ప్రభుత్వము తన భారముగా చేపట్టినది 1971లో. ఆ యేట నవంబరు 23వ తేదీన, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల విద్యాలయము ప్రారంభమయ్యెను. మరుసటి యేట గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టివే ఏర్పడెను. 1984 మొదలుకొని షెడ్యూల్డు కులముల పిల్లల కొఱకు సాంఘిక సంక్షేమ గురుకులములు వెలసెను. 1986 నాటి జాతీయ విద్యావిధానమును బట్టి జిల్లాకొకటి చొప్పున నవోదయ విద్యాలయములు వచ్చెను. మా పాత కరీంనగరు జిల్లాకు సంబంధించినది చొప్పదండిలో నున్నది. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత వెనుకబడిన తరగతులకును, అల్పసంఖ్యాకులకును గూడ గురుకులములు విస్తరించెను. వారములు చేసికొన్న విద్యార్థి దాత యింటి గడపలో నిలిచి అన్న మడిగెను. నేటి విద్యార్థికి అది హక్కుగా వచ్చుచున్నది. ఈ భేదమును పెద్దలు మనసున నుంచుకొనవలెను. హక్కుగా వచ్చు అన్నము బాగుగా లేనప్పుడు ప్రశ్నించుట కృతఘ్నత కాదు.

ఇక మా ప్రాంతపు సంగతి. ఇల్లెందు సమీపమున 1871లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఆ పేరుతో ఏర్పడెను. 1945లో అది నిజాము ప్రభుత్వము చేతికి వచ్చి, సర్కారు సంస్థ యయ్యెను. గోదావరి యొడ్డున గోదావరిఖనిలో గనులు 1961లో ఆరంభమయ్యెను. అప్పటినుండి మా జనుల గడియారము బాయి సైరను. తండ్రి యొక వారము ఉదయపు షిఫ్టునకు, మఱియొక వారము రెండవ షిఫ్టునకు, వేఱొక వారము రాత్రి షిఫ్టునకు పోవలసి యుండును. రాత్రియంతయు బాయిలో శ్రమపడి తెల్లవారి వచ్చినవాడు పగలు నిద్రింపవలెను గదా. రెండు గదుల క్వార్టరులో తండ్రి నిద్రించుచుండగా పిల్లవాడు గట్టిగా పాఠము చదువరాదు. రెండవ షిఫ్టు వారమున తండ్రి యిల్లు చేరునప్పటికి బిడ్డ నిద్రపోయి యుండును. ఆ యింట ప్రేమకు కొఱత లేదు. ఏ వారమున కావారము మాఱని దినము మాత్రము లేదు.

పూర్వము దీని వలన పెద్ద నష్టము కనబడలేదు. తండ్రి తరువాత కొడుకునకు బాయిలో పని దొరకునను ధైర్యముండెను. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండిరి. యంత్రములు వచ్చి, ఉపరితల గనులు పెరిగి, నేడు ఆ సంఖ్య సుమారు 40,000కు దిగినది. తాత చేసిన పని మనుమని కొఱకు కాచుకొని యుండదు. అందుచేతనే మా పల్లెలలో గురుకుల ప్రవేశము ఇంత పెద్ద చర్చ యైనది.

ఇప్పుడు దినచర్య చెప్పెదను. పాఠశాలను బట్టి కొంత భేదమున్నను, క్రమము సుమారుగా నొక్కటియే.

ఉదయము 5 గంటలకు గంట మ్రోగును. చలికాలమున ఆ వేళకు ఇంకను చీకటియే. పిల్లవాడు దుప్పటి మడిచి, పక్క చుట్టి, కుళాయి యొద్ద వరుసలో నిలుచును. తరువాత మైదానమున వ్యాయామము, స్నానము. స్నానపు గదులు కొన్నియే, పిల్లలు వందలు. కావున బకెట్టు పట్టుకొని తన వంతు వచ్చు వఱకు నిలుచుట క్రొత్తవాడు నేర్చు తొలి పాఠము. ఆడపిల్లల గురుకులములలో ఈ సమయమున ఒకరి జడ నొకరు వేయుదురు. పెద్ద తరగతి బాలిక చిన్నదానిని ముందు కూర్చుండబెట్టుకొని తల దువ్వుచుండ చూచితినేని, ఆ పాఠశాల కుశలముగా నున్నదని నాకు తోచును.

స్నానమైన పిదప కొంతసేపు చదువు; ఏడెనిమిది గంటల నడుమ ఫలాహారము. పళ్లెము, గ్లాసు ఎవరివి వారివే; ఎవరివి వారే కడుగుకొనవలెను. ప్రార్థన సభలో వార్తలు చదువుదురు, ఒక విద్యార్థి నాలుగు మాటలు ప్రసంగించును. తొమ్మిది గంటల ప్రాంతమున తరగతులారంభించి, మధ్యాహ్న భోజనము మినహా, సాయంకాలము నాలుగు దాటు వఱకు జరుగును. ఆ తరువాత ఆటలు. చీకటి పడకమునుపే హాజరు పిలిచి, లెక్క సరిచూచి, రాత్రి భోజనము పెట్టుదురు. అటు పిమ్మట ఉపాధ్యాయుల పర్యవేక్షణమున మరల చదువు. తొమ్మిదిన్నర, పది గంటల నడుమ దీపములార్పుదురు.

ఆదివారము వేఱు. ఆ దినము బట్టలుతుకుకొను దినము. పాఠశాల వెనుక తాళ్ల మీద వందల చొక్కాలు ఆఱుచుండును. ప్రతివానికి నొక రేకు పెట్టె, దానికొక తాళము కలదు. ఆ పెట్టెలో సబ్బు, నూనె, నోటు పుస్తకములు, ఇంటినుండి తెచ్చిన పచ్చడి సీసా. ఆ పెట్టె ఒక్కటే అచట వాని సొంత యిల్లు. పచ్చడి సీసా మూడు దినములు నిలువదు. గదిలోని వారందఱు పంచుకొందురు. కులము, వాడ తెలియక ఒకే సీసాలో వ్రేళ్లు పెట్టి తినుట అను విద్య మన పల్లెలలో మనము నేర్పలేకపోయితిమి. ఆ సీసా నేర్పుచున్నది.

ఈ క్రమము వలన లాభమేమి? గట్టిగా చదువుటకు ఎవరును వలదనని వేళ ప్రతి దినమును దొరకును. అన్నము వేళకు వచ్చును. పొలమునకు పొమ్మనువారు, చెల్లిని ఎత్తుకొమ్మనువారు నుండరు. ఆడపిల్ల విషయమున లాభమింకను గొప్పది. ఇంటనుండి నడిచి పోవు బడి యైనచో పదవ తరగతి నాటికి పెండ్లి మాటలు బయలుదేరును. గురుకులమున ఇంటర్మీడియటు వఱకు చదువు సాగును. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండని గిరిజన బాలిక, నాటి నిజామాబాదు జిల్లా తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెతో ఎక్కిన ఆనందకుమారును సంక్షేమ గురుకుల విద్యార్థియే. అందఱు పిల్లలు పర్వతము లెక్కుదురని నేను చెప్పను. వారిలో నిట్టి సత్తువ యున్నదని కనుగొనుటకు ఎవరైన వారిని పరీక్షించి చూడవలెను. ఆ యవకాశము గురుకులమున కలిగినది.

అయితే క్రమము మేలన్నంత మాత్రమున ఎంత క్రమమైనను మేలని తలపరాదు. దక్షిణ కొరియా దేశమున ఉన్నత పాఠశాల వసతిగృహములలో నుండు విద్యార్థులు ఉదయము మొదలు సాయంకాలము వఱకు తరగతులలో కూర్చుండి, భోజనమైన తరువాత మరల రాత్రి పది గంటల వఱకు చదువు గదిలో నుండుట చిరకాలముగా వాడుక. దీనికి హేతువు నవంబరు నెలలో ఒక్క దినమున జరుగు కళాశాల ప్రవేశ పరీక్ష. దాని పేరు సునుంగ్. ఆ పరీక్షలో ఆంగ్ల భాషను చెవితో విని సమాధానము వ్రాయు భాగము జరుగుచున్నంతసేపు దేశమందంతట విమానములు దిగక, ఎగురక నిలిచిపోవును. అంతటి గౌరవము చదువునకు మఱియెచ్చటను చూడము. కాని ఆ గౌరవపు బరువు పదునెనిమిదేండ్ల పిల్లల వీపు మీద పడినది. తుదకు 2010లో గ్యోంగీ అను ప్రాంతమున విద్యార్థుల హక్కుల శాసనము చేసి, రాత్రి చదువునకు బలవంతము చేయరాదని నిషేధించిరి. పిల్లవాని దినమునందు తనకు తోచినది చేయు గంట యొకటి యుండవలెనని ఆ దేశమువారు ఆలస్యముగా గ్రహించిరి. మన గురుకులములలో సాయంకాలపు ఆట గంటను తీసివేసి ఆ వేళ మరల పాఠము చెప్పుచున్నారని విన్నచో, మార్కులు పెరుగునని సంతోషింపక, ఆట ఏల పోయినదని పెద్దలు అడుగవలెను.

ఇక కష్టములు. మొదటిది బెంగ. తొలి నెల దాదాపు ప్రతి బిడ్డయు ఏడ్చును. పగలు గంటల నడుమ బెంగకు తీరిక లేదు. దీపము లార్పిన పిదప అది మొదలగును. ఫోనులో "బాపూ, వచ్చి తోలుకపో" అని బిడ్డ అన్నంతనే కొందఱు తండ్రులు మరునాడే బండి కట్టుకొని పోయి తీసికొని వత్తురు. మఱికొందఱు, మనసు కుదురు పడుటకు పోకుండుటయే మందని, దసరా వఱకు ముఖము చూపరు. రెండును తప్పే. బిడ్డ ఏడ్చినంత మాత్రమున చదువు మాన్పరాదు. ఏడ్చుచున్నదని తెలిసి పోకుండరాదు. నియమించిన దినమున తప్పక పోవలెను. వత్తునని చెప్పి రాకపోయిన తండ్రి కొఱకు గేటు కడ్డీలు పట్టుకొని సాయంకాలము వఱకు నిలిచిన బిడ్డను నేను చూచియుంటిని. ఆ దినము వానికి ఏ పాఠమును తల కెక్కదు.

రెండవది భోజనము, ఆరోగ్యము. ఇటీవలి సంవత్సరములలో గురుకులములలోను, హాస్టళ్లలోను అన్నము వికటించి పిల్లలు ఆస్పత్రుల పాలైన వార్తలు మీరును వినియుందురు. 2024వ సంవత్సరాంతమున తెలంగాణ ప్రభుత్వము భోజన వ్యయమును పెంచినది. మూడు మొదలు ఏడవ తరగతి వఱకు నెలకు తలకు 950 రూపాయలున్నది 1,330 అయినది. ఎనిమిది మొదలు పది వఱకు 1,100 నుండి 1,540కి, ఇంటర్మీడియటునకు 1,500 నుండి 2,100కు పెరిగినది. లెక్క కట్టి చూడుడు. 1,330ని ముప్పది దినములకు పంచినచో దినమునకు సుమారు 44 రూపాయలు. ఫలాహారము, రెండు పూటల భోజనము, సాయంకాలపు చిఱుతిండి, గ్రుడ్డు, మాంసము, పాలు అన్నియు అందులోనే. సొమ్ము చాలునా చాలదా యనునది యొక ప్రశ్న. ఉన్న సొమ్ము పళ్లెము వఱకు వచ్చుచున్నదా యనునది రెండవ ప్రశ్న. మొదటిదానిని ప్రభుత్వము నడుగవలెను. రెండవదానిని కనుగొనుటకు మనము కాళ్లు కదపి పోవలెను.

ఈ సందర్భమున మా పొరుగు పల్లెలోని యొక అవ్వను గూర్చి చెప్పవలసి యున్నది. ఆమె కొడుకు బాయి కార్మికుడు. షిఫ్టుల వలన అతనికి తీరిక లేదు. మనుమరాలు గురుకులమున చేరినది మొదలు అవ్వయే నెలనెల బస్సెక్కి పోయెడిది. సంక్రాంతి వచ్చిన సకినాలు, దసరా వచ్చిన సత్తుపిండి మూట గట్టుకొని పోయెడిది. ఒక్క బిడ్డకు కాక గదిలోని వారందఱికి చాలునట్లు. పోయిన ప్రతిసారి మూడు పనులు చేసెడిది. వంటశాల ముందు నిలిచి ఒక ముద్ద అన్నము, ఒక గరిటె పప్పు అడిగి తినెడిది. నీరు త్రాగెడిది. స్నానపు గదుల వైపు పోయి చూచి వచ్చెడిది. ఒకసారి స్నానపు గది తలుపునకు గడియ లేదు. మనుమరాలు ఆ మాట ఎవరికిని చెప్పలేదు. చెప్పవచ్చునని ఆమెకు తెలియదు. అవ్వ నేరుగ ప్రధానోపాధ్యాయిని గదికి పోయి, "అమ్మా, మా యింట పశువుల కొట్టానికి గూడ గడియ ఉన్నది" అని మాత్రము పలికెను. మరుసటి నెల అవ్వ పోయిన నాటికి గడియ బిగించి యుండెను. ఆమె అక్షరము లెఱుగదు. ఆ పాఠశాలను తనిఖీ చేసినవారిలో ఆమెకు మించినవారు లేరని నా యభిప్రాయము. ఆ మనుమరాలు నేడు నర్సు చదువు చదువుచున్నది.

అవ్వ చేసిన దానిలో విశేషమేమనగా, ఆమె ఎవరితోను తగవులాడలేదు, మానక పోయినది. ఈ యింటివారు వత్తురని తెలిసినచోట వంటవాడు మఱికొంచెము జాగ్రత్త పడును, అధ్యాపకుడు మఱికొంచెము శ్రద్ధ వహించును. తండ్రికి తీరిక లేనప్పుడు తాత పోవచ్చును. ఒక పల్లెనుండి నలుగురు పిల్లలున్నచో నెలకొక పెద్ద చొప్పున వంతులు వేసికొనవచ్చును. పోయినప్పుడు బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టుకొని, మార్కుల మాట ముందుగా తీయక, ఎవరి ప్రక్కన నిద్రించుచున్నావు, ఎవరైన కొట్టుచున్నారా, జ్వరము వచ్చినపుడు ఎవరు చూచిరి అని యడుగవలెను. బిడ్డ మాటకు తడబడినచో రెండవసారి అడుగవలెను.

పోలేని నెలలో ఉత్తరము వ్రాయుడు. ఫోనులో మాట వరుసలో నిలిచినవాని తొందరతో ముగియును; ఉత్తరము రేకు పెట్టెలో నిలుచును. అర్ధరూపాయి కార్డు నేటికిని పోస్టాఫీసులో దొరకుచున్నది. ఆవు ఈనినదనియు, చెఱువు నిండినదనియు, నీవు నాటిన జామమొక్క పూచినదనియు వ్రాసిన చాలును. అక్షరములు వచ్చిన పెద్దలకు ఇంతకంటె సార్థకమైన పని యేమున్నది?

సెలవులలో బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఇంకొక జాగ్రత్త. వాడు గంటలకు అలవాటు పడినవాడు. మన యింట గంట లేదు. మొదటి రెండు దినములు ఏమియు తోచక తిరుగును. చదివినవాడని పని చెప్పక కూర్చుండబెట్టకుడు. పొలమునకు తీసికొని పోవుడు, తండ్రి చేయు పని యెట్టిదో, బొగ్గు ఎట్లు పైకి వచ్చునో చెప్పుడు. బతుకమ్మ పేర్చునపుడు తంగేడు పూవు వాని చేతనే తెప్పింపుడు. మన యింటి మాటలు, వావివరుసలు, కథలు పాఠ్యపుస్తకములలో నుండవు. పది యేండ్ల ప్రాయమున ఇల్లు విడిచినవానికి అవి యెవరు చెప్పవలెను? సెలవుల ఆ నలువది యేబది దినములే మనకు మిగిలిన బడి.

కావున, పంపవచ్చునా యని నన్నడుగువారికి నా సమాధానమిది. పంపవచ్చును, ఆడపిల్లనైనచో సంకోచింపక పంపుడు. కాని చేర్చుటతో మన పని తీరినదని తలపకుడు. గురుకులము క్రమమైన దినమును, వేళకు అన్నమును, చదువునకు తోడును ఇయ్యగలదు. నా కొఱకు ఒకరు వత్తురు అను నమ్మకమును అది యియ్యలేదు. చేర్చు దినముననే ప్రధానోపాధ్యాయుని యడిగి, తల్లిదండ్రులు రాదగిన దినము లేవియో వ్రాసికొని, ఇంట గోడకు తగిలించిన క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు. తండ్రి షిఫ్టు ఆ దినమునకు అడ్డు వచ్చునేమో ముందుగా చూచుకొని, పోవలసిన పెద్దను ఆనాడే నిశ్చయింపుడు.